మధ్యలో ఆ ఇంకొకామె

ఫ్రిజ్ ప్లగ్గు పీకగానే ఇంటి తాళాలు ఆ ఫ్రిజ్‌లోనే, పెరుగు డబ్బా పక్కన పెట్టాలి. సినిమా నిర్మాణం నేర్చుకోవడంలో వీరాంజనేయులుకు అబ్బిన మొదటి విద్య ఇదే. ఫ్రిజ్ రొద మైకులో పడుతుందని ఆపేస్తాం. షూటింగయ్యాక మళ్ళీ పెట్టడం మర్చిపోతాం. తాళాలు లోపలుంటే చచ్చినట్టు తలుపు తెరవాలి కదా, అప్పుడు గుర్తొస్తుంది. శనివారం క్లాసులో మరీడ్ అనే ఐరిష్ టీచరమ్మ ఈ సంగతి చెబితే పన్నెండు మందీ నవ్వారు. రాసుకున్నవాడు ఇతనొక్కడే.

రాసుకోవడం అతనికి పుట్టుకతో వచ్చిన జబ్బు. డబ్లిన్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పని. ఇతరుల తప్పులు వెతికి, నంబరు వేసి, వరసలో పెట్టడమే ఉద్యోగం. అక్కడికి బస్సు దూరంలో, నేవన్ అనే ఊళ్ళో మూడు పడగ్గదుల ఇల్లు. భార్యా కొడుకూ హైదరాబాద్ వెళ్ళిపోయి ఏడాది దాటినా లీజు మాత్రం ముగ్గురి లెక్కనే నడుస్తోంది. అందుకే తనతో కలిసి చిన్న సినిమా తీద్దామనుకున్న కళాధర్ ఆ ఇల్లు చూడగానే ఎగిరి గంతేశాడు. "అన్నా, ఖాళీ ఇల్లంటే ఇదే. ఆర్ట్ డైరెక్టర్ అక్కర్లేదు" అన్నాడు. మాట గుచ్చుకుంది గాని, మనుషులొస్తున్నారన్న సంతోషంలో వీరాంజనేయులు దాన్ని పట్టించుకోలేదు.

అలా ఆరు ఆదివారాలు ఇల్లు కళకళలాడింది. కళాధర్ దర్శకుడు, కెమెరా కూడా అతనిదే. సౌండుకు నీవ్ అనే ఐరిష్ అమ్మాయి. లైట్లు పట్టుకోవడానికి ఆఫీసు స్నేహితులు ముగ్గురు. వీరాంజనేయులు నిర్మాత. మన దగ్గర నిర్మాతంటే డబ్బు పెట్టే ఆసామి. మరీడ్ క్లాసులో నిర్మాతంటే పర్మిషన్లు, సంతకాలు, భోజనాలు, ఎవరు ఎన్నింటికి రావాలో ముందు రాత్రే పంపే కాగితం. ఇవన్నీ చూసుకుంటూ వాకిట్లో పడి ఉన్న బూట్లు లెక్కపెట్టుకునేవాడు. ఒక ఆదివారం పద్నాలుగు ఉన్నాయి.

సినిమాలో మనిషి ఒక్కతే. పరాయి దేశంలో కూతురి ఇంట్లో, అందరూ పనికి పోయాక, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని వీధిలో కనబడ్డవాళ్ళందరి గురించీ తనలో తాను మాట్లాడుకునే పెద్దావిడ. తొమ్మిది నిమిషాల సినిమా, తొమ్మిది నిమిషాలూ ఆవిడ మాటే. ఆ వేషానికి దొరికింది కోటేశ్వరి. టెక్కలి దగ్గరి మనిషి, ఏభై దాటింది, ఊళ్ళోని నర్సింగ్ హోమ్‌లో ముసలివాళ్ళను చూసుకుంటుంది. ఇండియన్ షాపులో నటి కావాలని వీరాంజనేయులు అంటించిన కాగితం ముందు నిలబడి, "దీనికి సదువుండాలా బాబూ?" అని అడిగింది. అక్కర్లేదన్నాడు.

ఆరో ఆదివారం ఆఖరి షాటు అయ్యాక నీవ్ చెయ్యెత్తింది. ప్రతి గదికీ దాని నిశ్శబ్దం దానికుంటుంది, ముక్కలు అతికేటప్పుడు మాటల కింద పరచడానికి ఆ నిశ్శబ్దం కావాలి, కాబట్టి నిమిషంపాటు ఎవరూ కదలొద్దు అంది. అందరూ ఉన్నచోటే నిలబడిపోయారు. కళాధర్ ఒంటికాలి మీద ఉన్నవాడు అలాగే ఆగాడు. అర నిమిషం గడిచింది. కుర్చీలోంచి కోటేశ్వరి అందరినీ ఒక చుట్టు చూసింది.

"ఏటి బాబూ, అందరూ ఇలగ బిగుసుకుపోనారు? ఎవులైనా పోనారా?"

"ష్" అన్నాడు వీరాంజనేయులు, మూతి మీద వేలు పెట్టుకుని.

తెలుగు రాని నీవ్ కూడా నవ్వేసింది. ముందరి అర నిమిషం చాల్లే, గ్రాండ్ అని తీగలు చుట్టుకుంది. అయిదింటికల్లా అందరూ వెళ్ళిపోయారు. వీరాంజనేయులు తాళాల కోసం ఫ్రిజ్ తెరిచి, ప్లగ్గు పెట్టి, అది గుర్రుమనేదాకా వంటింట్లోనే నిలబడ్డాడు.

మంగళవారం సాయంత్రం బస్సులో ఉండగా కళాధర్ ఫోన్ చేశాడు.

"అన్నా, రావు గారికి రఫ్ కట్ చూపించా."

రావు గారంటే మధుసూదనరావు, తెలుగు సంఘానికి పెద్ద తలకాయ. డబ్లిన్‌లో ఆయన ఊ అంటే హాలు దొరుకుతుంది, జనం వస్తారు.

"ఏమన్నారు?"

"విజువల్స్ సూపర్ అన్నారు. వాయిస్ దగ్గర మాత్రం మొహం అదోలా పెట్టారు. మరీ మోటుగా ఉందంట. కామెడీ అనుకుని నవ్వుతారు, ఫీల్ పోతుంది అన్నారు. ఆలోచిస్తే నాకూ నిజమే అనిపించింది. శ్రీవల్లి ఉంది కదా, ఆన్‌లైన్ రేడియోలో చేస్తుంది, ఆ అమ్మాయితో డబ్బింగ్ చెప్పించేద్దాం. శనివారం మీ ఇంట్లోనే."

"ఆ మాటలు ఆవిడ సొంతం కదయ్యా. నువ్వు రాసిందాంట్లో సగం ఆవిడే మార్చింది."

"మాటలు అవే ఉంటాయన్నా, కొంచెం సాపు చేస్తాం. మన సినిమాల్లో మొహం ఒకరిది గొంతొకరిది కాకుండా ఎప్పుడుంది చెప్పు? ఎవరైనా ఫీలయ్యారా? అయినా నువ్వు అగ్రిమెంట్ మీద సంతకం తీసుకున్నావుగా, ఆరో పాయింట్‌లో క్లియర్‌గా ఉంది."

ఉంది. వీరాంజనేయులుకు ఆ కాగితం కళ్ళకు కట్టినట్టు గుర్తుంది. మొదటి ఆదివారం, టీ తాగుతూ కోటేశ్వరి ఆ రెండు పేజీల ఇంగ్లీషు వంక చూసి "ఏటి రాసుందిందులో?" అనడిగింది. "ఏం లేదమ్మా, మామూలే. అందరూ పెట్టేదే" అన్నాడు. మనోడు చెప్పాడు కదా అని వై. కోటేశ్వరి అని తెలుగులో, గుండ్రంగా, కూడబలుక్కుంటూ రాసింది. ఆఫీసులో కామా తప్పుంటే వెనక్కి పంపే మనిషి, ఆవిడకు ఒక్క వాక్యం చదివి వినిపించలేదు. నటి గొంతును మార్చే, తీసేసే, వేరొకరితో చెప్పించే హక్కు నిర్మాతది అని ఆరో నిబంధన.

"ఆవిడకి ఎవరు చెప్తారు?" అన్నాడు.

"నువ్వే చెప్పాలన్నా, ప్రొడ్యూసర్‌వి. లేదంటే చెప్పకపోయినా లీగల్‌గా ప్రాబ్లమ్ లేదు."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. కాదంటే కళాధర్ కెమెరా సర్దుకుంటాడు, వాడి వెనకాల ఆ బూట్లన్నీ పోతాయి, ఆదివారం మళ్ళీ పాత ఆదివారంలాగే తయారవుతుంది. "సరే, చూద్దాం" అన్నాడు. చూద్దాం అంటే సరే అనే అర్థమని ఇద్దరికీ తెలుసు.

మరీడ్ నేర్పిన పద్ధతొకటుంది. రోజు చివర ఒక కాగితం మీద, ఎవరికి ఏం చెప్పలేదో రాసుకోవాలి. చెప్పాక టిక్కు పెట్టాలి. చెడ్డ కబురు మోసేవాడే నిర్మాత, దాన్ని జేబులో దాచుకుంటే కుళ్ళుతుంది అందావిడ. ఆ రాత్రి కాగితంలో 'కోటేశ్వరి, గొంతు' అని రాశాడు. బుధవారం టిక్కు పడలేదు. కొత్త కాగితంలోకి ఎక్కించాడు. ఆఫీసులో తెమలని తప్పును వచ్చే వారం జాబితాలోకి తోసేసినట్టే.

గురువారం బస్సు దిగి తిన్నగా నర్సింగ్ హోమ్‌కు నడిచాడు. జూన్ కావడంతో సాయంత్రం ఏడైనా ఎండ ఇంకా గట్టిగానే ఉంది. కోటేశ్వరి హాల్లో ఒక ముసలమ్మకు సూపు తాగిస్తోంది. చెంచా పెదవికి తాకించి, ఆవిడ నోరు తెరిచేదాకా ఆగి, మింగేదాకా మళ్ళీ ఆగుతోంది. ఆ ఆగడంలో కూడా ఏదో ఒకటి తెలుగులో చెబుతూనే ఉంది.

"రండి బాబూ. ఈవిడే మిసెస్ ఫారెలీ. కళ్ళు అవుపడవు. మన సినిమా సంగతి రోజూ అడుగుతాది."

ముసలమ్మ మొహం ఇటు తిప్పింది. "నిర్మాతగారా?" అంది ఇంగ్లీషులో. "ఈవిడ రాత్రుళ్ళు నా పక్కన కూర్చుని ఏదేదో చెబుతుంది. ఒక్క ముక్క అర్థం కాదు. అయినా అది లేకపోతే నాకు నిద్ర రాదు. వచ్చే శుక్రవారం మీ సినిమా వేస్తున్నారటగా, నేనూ వస్తున్నాను. మేట్రన్‌ను ఒప్పించాను."

"మీకు తెలుగు..."

"తెలుగెందుకు బాబూ, నా గొంతు తెలుసును కదా" అంది కోటేశ్వరి. "నాను అద్దంలో సూసుకున్నట్టు ఈవిడ నన్ను ఇంటాది. బొమ్మ ఎలాగూ అవుపడదు, ఇనిపిత్తాను అని సెప్పినాను."

వీరాంజనేయులు చెప్పాల్సిన వాక్యం బస్సులోనే కూర్చుకుని వచ్చాడు. 'అమ్మా, టెక్నికల్‌గా చిన్న మార్పు' అని మొదలుపెట్టాలి. టెక్నికల్ అనే మాట దాకా నోట్లోకి వచ్చింది. ఆవిడ చెంచా కింద పెట్టి, ముసలమ్మ గడ్డం తుడిచి, "ఏటో సెప్పడానికొచ్చినారు?" అంది.

"ఏం లేదమ్మా. శుక్రవారం ఏడింటికి. అది చెబుదామనే."

"ఫోనులో సెప్తే సరిపోను కదా, ఇంత దూరం నడిసినారు" అని లోపలికెళ్ళి, కాగితంలో చుట్టిన రెండు స్కోన్ రొట్టెలు తెచ్చి చేతిలో పెట్టింది. ఒంటరిగా ఉన్నవాడికి ఏదైనా పెట్టి పంపకపోతే ఆవిడకు తోచదు. దారిలో ఒక గోడ మీద కూర్చుని రెండూ తినేశాడు. ఏడుపొచ్చింది గాని ఆ వీధిలో ఎవరైనా చూస్తారని ఆపుకున్నాడు.

శనివారం క్లాసు ఎగ్గొట్టాడు. డబ్బింగ్ కోసం ఇల్లంతా వెతికితే మెత్తటి చోటు హాట్ ప్రెస్సే అని తేలింది. వేడినీళ్ళ ట్యాంకు చుట్టూ తువ్వాళ్ళూ దుప్పట్లూ ఆరబెట్టుకునే బీరువా అది. మనిషి నిలబడేంత జాగా ఉంది. గుడ్డలు ప్రతిధ్వనిని తాగేస్తాయి. శ్రీవల్లి నవ్వుకుంటూ అందులోకి దూరింది. పాతికేళ్ళ పిల్ల, గొంతు నిజంగానే తేనె. తలుపు సందులోంచి మైకు తీగ బయటికొచ్చి వీరాంజనేయులు లాప్‌టాప్‌లోకి వెళ్ళింది. కళాధర్ మెట్ల మీద కూర్చుని స్క్రీన్ చూస్తున్నాడు.

పని ఇలా సాగింది. వీరాంజనేయులు కోటేశ్వరి వాక్యం ఒకటి శ్రీవల్లి చెవిలో వినిపిస్తాడు. పెదాల కదలికకు సరిపోయేలా ఆ అమ్మాయి చెబుతుంది. కుదిరాక అసలు వాక్యాన్ని మూగ చెయ్యాలి, అంటే ఒక మీట నొక్కాలి. నొక్కాడు. మళ్ళీ తర్వాతి వాక్యం. ఎదురింటి పిల్ల సైకిలు గురించి, పోస్టు తెచ్చే ఆయన నడక గురించి, తీగ మీద ఆరేసిన దుప్పటి వానలో తడుస్తుంటే ఎవరూ తియ్యలేదే అని బెంగపడడం గురించి. ఆ దుప్పటి దగ్గర శ్రీవల్లి నాలుగు సార్లు తడబడింది.

"ఇక్కడ ఆవిడ చాలాసేపు ఆగుతోందన్నా. మధ్యలో ముక్కు ఎగపీలుస్తోంది. నాకు కుదరట్లేదు."

"ఆ గ్యాప్‌లో మ్యూజిక్ వేస్తా, వదిలెయ్" అన్నాడు కళాధర్.

శ్రీవల్లి తల బయటికి పెట్టింది. వేడికి నుదురంతా చెమట. "బాగా చెప్పింది కదా ఆవిడ. ఎందుకు మారుస్తున్నాం? ఆవిడకి తెలుసా అన్నా?"

కళాధర్ వీరాంజనేయులు వంక చూశాడు.

"తెలుసమ్మా" అన్నాడు వీరాంజనేయులు.

ఆ మాట అన్నాక మీట నొక్కడం తేలికైపోయింది. దానికే భయమేసింది అతనికి. మూడింటికల్లా అయిపోయింది. ఆ సాయంత్రం కూడా కాగితం తీశాడు, పేరు చూశాడు, శుక్రవారం లోపల ఎలాగైనా చెప్పేస్తానని తనకు తనే మాటిచ్చుకున్నాడు. ఆదివారం ఆవిడకు డ్యూటీ. సోమవారం వాన. ఆ తర్వాతి మూడు రోజులకు అంతమాత్రం సాకు కూడా లేదు.

శుక్రవారం ఊళ్ళోని చిన్న థియేటర్‌లో క్లాసు వాళ్ళ సినిమాలు ఎనిమిది. ఎనభై మంది దాకా వచ్చారు. రావు గారు ఫ్యామిలీతో ముందు వరసలో కూర్చున్నారు. పక్క దారిలో చక్రాల కుర్చీలో మిసెస్ ఫారెలీ, ఆ పక్క సీటులో ఆకుపచ్చ పట్టుచీర మీద స్వెట్టరేసుకుని కోటేశ్వరి. చీర మడతలు చూస్తే పెట్టెలోంచి ఆ రోజే తీసిందని తెలుస్తోంది. ఆవిడ లేచి గుమ్మం వైపు వస్తుంటే వీరాంజనేయులు ఆపాడు.

"అమ్మా, ఒక మాట."

"తరవాత సెప్పండి బాబూ, ఈవిడకి నీళ్ళు కావాలట" అని వెళ్ళిపోయింది. అది ఆవిడ తప్పు కాదు. పది రోజుల్లో చెప్పనివాడు పది నిమిషాల ముందు చెబితే చెప్పినట్టా? వెళ్ళి సరిగ్గా వాళ్ళ వెనక వరసలో కూర్చున్నాడు. వేరే చోట కూర్చునే ధైర్యం కూడా లేకపోయింది.

నాలుగో సినిమా వాళ్ళది. తెర మీద అతని హాలు, అతని కిటికీ, ఆ కిటికీ దగ్గర కుర్చీ, కుర్చీలో కోటేశ్వరి. ముందు కోటేశ్వరి చిన్నగా నవ్వుకోవడం వెనక నుంచి భుజాల్లో తెలిసింది. తెర మీద ఆవిడ నోరు తెరిచింది. శ్రీవల్లి గొంతు హాలంతా పరుచుకుంది.

కోటేశ్వరి భుజాలు ఆగిపోయాయి. ఆవిడ వెనక్కి తిరిగి చూస్తుందని వీరాంజనేయులు సీటు చెయ్యి పట్టుకున్నాడు. తిరగలేదు. తెర మీది తన నోటినే చూస్తోంది.

మిసెస్ ఫారెలీ మెడ అటూ ఇటూ తిప్పి వెతుక్కుంది. "మొదలైందా? నీదింకా రాలేదా? ఎవరో మాట్లాడుతున్నారు" అంది, కొంచెం గట్టిగానే. ముందు వరసలోంచి ఎవరో వెనక్కి చూశారు.

కోటేశ్వరి చీర కొంగు నడుముకు దోపుకుని, పక్కకు వంగి, ముసలమ్మ చెవి దగ్గర నోరు పెట్టి మొదలుపెట్టింది. "అదిగో, ఎదురింటి గుంట. సైకిలు తొక్కుతాది, పడతాది, ఏడవదు. ఏడిత్తే ఎవులు ఇంటారిక్కడ..." తెర మీద పెదవి కదిలినప్పుడల్లా, దానితోపాటే, గుసగుసగా. ఒక్క మాట మర్చిపోలేదు. పోస్టాయన నడక దగ్గర నవ్వింది. దుప్పటి దగ్గరికొచ్చేసరికి హాల్లో సంగీతం మోగింది. కోటేశ్వరి మాత్రం ఆ రోజు ఆగినంత సేపూ ఆగింది. ముక్కు ఎగపీల్చింది. అప్పుడన్నది మిగతా మాట. ముసలమ్మ ఆవిడ మణికట్టు పట్టుకుని, కళ్ళు మూసుకుని వింది. తొమ్మిది నిమిషాలూ అంతే. వీరాంజనేయులు తెర వంక చూడనే లేదు.

చప్పట్లు బాగానే పడ్డాయి. లైట్లు వెలిగాయి. రావు గారు కళాధర్ భుజం తట్టి వాయిస్ ప్రాణం పోసిందన్నారు. "ప్రొడ్యూసర్ గారూ, ఫోటో" అని ఎవరో కేకేశారు. వీరాంజనేయులు లేచి రెండడుగులు వేసేసరికి మిసెస్ ఫారెలీ మాట వినబడింది.

"గ్రాండ్‌గా చెప్పావు, అంతా విన్నాను" అంటోంది కోటేశ్వరితో. "మధ్యలో ఆ ఇంకొకామె ఎవరు, నీ మాటలకు అడ్డం వస్తూ? ఆవిణ్ణి ఎవరూ ఊరుకోబెట్టలేదేం?"

కోటేశ్వరి తలెత్తి వీరాంజనేయులు వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఏదో ఒకటి చెప్పు, నీ పనే కదా అన్నట్టుంది.

చక్రాల కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "నేను పెట్టించానండీ ఆవిణ్ణి" అన్నాడు ఇంగ్లీషులో. "ఈవిడ గొంతు తీసేసి. ఈవిడకు చెప్పకుండా." తర్వాత తెలుగులో కోటేశ్వరితో, "పోయిన వారం మీ దగ్గరికి వచ్చింది అది చెప్పడానికేనమ్మా. ఆ కాగితంలో ఉంది. నేను మీకు చదివి చెప్పలేదు" అన్నాడు.

కోటేశ్వరి చాలాసేపు కొంగు సర్దుకుంది.

"బాగోలేదని ముందే సెప్పుంటే, ఈవిడికి ఆశ పెట్టకపోదును బాబూ" అంది. "నాకేటి. నా గొంతు ఇంటేనే నిద్రపోయేవోళ్ళు పదిమందున్నారు నాకు."

ఏమైందని మిసెస్ ఫారెలీ అడిగింది. కోటేశ్వరి వచ్చిన ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పింది. ముసలమ్మ వీరాంజనేయులు తల ఎక్కడుందో చేత్తో వెతికి, చెవి దొరికితే చెవి పట్టుకుంది. "అయితే ఆ ఇంకొకామెను తీసేసి, మళ్ళీ తీసుకురా" అంది. "మంగళవారాలు నాకు పనేమీ ఉండదు."

ఫోటో అతను లేకుండానే అయిపోయింది.

ఆదివారం పొద్దున కళాధర్‌కు ఫోన్ చేసి, అసలు గొంతుతో ఇంకో కాపీ చేస్తున్నానని, బయటికి ఏది వెళ్ళినా ఇక అదే వెళ్ళాలని చెప్పాడు. కాగితంలో హక్కు నిర్మాతది అని రాసుంది, ఆ నిర్మాత నేనే, నాకా హక్కు వద్దు అన్నాడు.

"నీ ఇష్టమన్నా. నెక్స్ట్ దానికి మేం రావు గారింట్లో చేసుకుంటాంలే. నీకెందుకు శ్రమ" అన్నాడు కళాధర్, మర్యాదగానే. వీరాంజనేయులు భయపడ్డ మాట అదే. వచ్చేసింది. మంచినీళ్ళు తాగి వచ్చి లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. వాకిట్లో ఒక్క జత బూట్లున్నాయి.

ఫ్రిజ్ ఆపి, తాళాలు అందులో పెట్టాడు. వినడానికి ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలి. ఒక్కొక్క వాక్యం దగ్గరా అదే మీట మళ్ళీ నొక్కుతూ పోయాడు. కోటేశ్వరి ఒక్కో మాటా తిరిగొచ్చింది. సంగీతం తీసేసిన దుప్పటి దగ్గర మాత్రం కింద పరచడానికి గది నిశ్శబ్దం చాల్లేదు. నీవ్ ఇచ్చిన అర నిమిషమూ అయిపోయింది. మిగిలిన ముక్క ఎంతుందో చూద్దామని ఆ టేపు చివరిదాకా వదిలాడు.

చలిమంట పొయ్యి మీది గడియారం చప్పుడు. దూరంగా ఒక కారు. ఏడుగురు మనుషులు ఊపిరి బిగబట్టిన అతని హాలు. అప్పుడు కుర్చీలోంచి ఆవిడ, "ఏటి బాబూ, అందరూ ఇలగ బిగుసుకుపోనారు? ఎవులైనా పోనారా?" అంది.

వెంటనే అతని గొంతు. "ష్."

రెండు మూడు సార్లు వెనక్కి తిప్పి విన్నాడు. ఆ తర్వాత కత్తిరింపు గీతను తెచ్చి తన 'ష్'కు ముందొకటి, వెనకొకటి పెట్టి దాన్ని తీసేశాడు. ఆవిడ అడిగింది అడిగినట్టే ఉంచి, సినిమా ఆఖర్న, తెర నల్లబడ్డాక అతికించాడు.